నాలుక వరస

తెల్లకోటు తెల్లగా ఉండేది ఉతికాక మాత్రమే. అంతకుముందు దాన్ని చూసినవాళ్ళకి మందు మింగబుద్ధి కాదు.

ప్రతి సోమవారం పొద్దున్న, మందుల తయారీ నేర్పే ఆ కాలేజీ హాస్టల్ నుంచి నూట అరవై తెల్లకోట్లు మూటలు కట్టి వస్తాయి; మనిషికో రెండోది ఒంటి మీద ఉంటుంది. మూట ముడి విప్పుతూనే ఇస్త్రీ అక్క మొహం పక్కకి తిప్పుకుంటుంది. ముందు ఆ వాసన కాస్త కిటికీలోంచి పోవాలి. తర్వాత ఒక్కో కోటే తీసి, కాలర్ వెనక ఎర్రదారంతో కుట్టిన నంబరు చూసి, జేబులు బయటికి లాగి దులపాలి. అట్టకట్టిన చేతిరుమాళ్ళు, సగం చప్పరించి దాచుకున్న బిళ్ళలు, దువ్వెనలో చిక్కుపడ్డ జుట్టు. ముప్ఫై రెండో నంబరువాడు తరగతిలో గోళ్ళు కొరికి జేబులోనే పోసుకుంటాడు, విత్తనాలకి కాబోలు. సగం మంది ముక్కు తుడుచుకునేది చేతి అంచుకే. రేపు జనానికి మందులు కలిపేది ఈ చేతులేనంటే, రోగంతో ఉండిపోవడమే మేలనిపిస్తుంది ఆమెకి.

ఆఖరున కఫ్‌లు, అంటే చేతుల చివరి మడత అంచులు, చూడాలి. అసలు సరుకు అక్కడుంటుంది. ఎడమ కఫ్ కుట్టు రెండు వేళ్ళ మేర విప్పి, లోపల సన్నటి కాగితం పట్టీ చుట్టి పెడతారు. దాని వెనక రబ్బరు దారం. కొసని బొటనవేలితో లాగితే బయటికొస్తుంది, వదిలేస్తే లోపలికి పోతుంది. పిల్లలు దాన్ని నాలుక అంటారు. ఆ పేరు మాస్టర్ల చెవిన పడకూడదని వాళ్ళలో ఒట్టు. ఇస్త్రీ అక్కకి తెలిసిందంటే, ఆమె మనుషుల లెక్కలోకి రాదు గనక. ఆమె ముందు ఎవరైనా ఏదైనా మాట్లాడేస్తారు.

ఆ పట్టీల మీద ఉండేది లాటిన్. మొక్కల పేర్లలోనూ, సీసాల మీదా, డాక్టర్ల చీటీల్లోనూ ఆ చచ్చిన భాషే ఇంకా ఉందని, మొదటి ఏడంతా దాని నామవాచకాలూ క్రియలూ బట్టీ పట్టిస్తారు. ఒక్కో పేరుకి పది రూపాలు, ఒక్కో క్రియకి ఆరు. లాటిన్ మాస్టారు లేపి నిలబెడతాడు. చేతులు కట్టుకుని, తడుముకోకుండా చెప్పాలి. చేతులు కట్టుకోమనడమే ఈ పిల్లలకి వరమైంది. కుడి బొటనవేలు సరిగ్గా ఎడమ కఫ్ మీదికి వస్తుంది.

దొరికిన ప్రతి పట్టీనీ కోటు నంబరుతో సహా భోజనశాల ముందున్న అద్దాల బోర్డులో గుచ్చాలని రూలు. పెట్టింది లాటిన్ మాస్టారే. బోర్డులో నంబరు కనబడితే పెట్టె సర్దుకోవాల్సిందే. పనిలో చేరిన కొత్తలో అక్క రూలు ప్రకారం ఒకటి గుచ్చింది. నాలుగోనాడు ఒక పిల్ల రేకుపెట్టె మోసుకుంటూ గేటు దాటడం ఇస్త్రీగది కిటికీలోంచి చూసింది. ఆ తర్వాత ఆమెకి పట్టీలు దొరకడం మానేశాయి. అంటే, మాస్టారుకి అలా చెబుతుంది. ఉతకబోయే కోట్లలో దొరికినదాన్ని దొరికినట్టే తీసి, వెనక పెన్సిల్‌తో నంబరు వేసి, గంజి చుక్కతో ఇస్త్రీబల్ల ఎదురుగా తలుపు వెనక గోడకి అంటించుకుంటుంది. రోజుకి ఎనిమిది గంటలు గోడకేసి చూస్తూ నిలబడే పని. చదవడానికి ఏదో ఒకటి ఉండొద్దా? వారం తిరిగాక తీసి గంజిపొడి డబ్బాలో వేస్తుంది; ఏడాది ఆఖరున ఆ డబ్బా పొయ్యిలో బోర్లిస్తుంది.

అలా పదకొండేళ్ళలో ఆమెకి లాటిన్ వచ్చేసింది. వచ్చిందని కూడా ఆమెకి తెలియదు, జాడీలగది నోటీసు చూసేదాకా.

జాడీలగది ఇస్త్రీగదికి ఎదురుగానే ఉంది. వేర్లూ, బెరళ్ళూ, ఎండుగింజలూ నింపిన గాజుజాడీలు, వాటికి పేర్లు రాసి అంటించే ముసలాయన, ఒక కుర్చీ. ఆవిరి లేదు. గంజి లేదు. ఆయన ఈ నెలతో దిగిపోతున్నాడు. కాలేజీలో పనిచేసేవాళ్ళెవరైనా పరీక్ష రాయొచ్చు, ఐదు నామవాచకాల పట్టికలు, నాలుగు క్రియల పట్టికలు వస్తే చాలు అన్నారు. అక్క చేతివేళ్ళ గోళ్ళు గంజికి నాని మెత్తబడిపోయాయి. పొద్దున లేస్తూనే దగ్గు. డాక్టరు ఆవిరి మానేయమన్నాడు, అన్నం మానేయమన్నంత తేలిగ్గా. ఆ కుర్చీ దొరికితే బతికిపోతుంది. అప్లికేషన్ నింపింది. అందులో ఒకే గడి మిగిలింది: 'అభ్యర్థికి లాటిన్ నేర్పినవారి సంతకం'. శుక్రవారం సాయంత్రం నాలుగింటిలోగా ఇవ్వాలి. "అంటే లాటిన్ మాస్టారే కదమ్మా" అన్నాడు ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా.

ఆ సోమవారం మాస్టారే ఇస్త్రీగదికి వచ్చాడు. వెంట నలభై ఏడో నంబరు పిల్ల, ఏడ్చి ఉబ్బిన మొహంతో.

"ఇదిగో ఈ తొట్టి. అందరి మేజోళ్ళూ ఇందులో ఉన్నాయి. సాయంత్రం దాకా ఉతుకు" అన్నాడు మాస్టారు. చేతిలో హాజరు పుస్తకం, పేజీ తిప్పడానికి వేలు నాలుకకి తడిచేసుకుంటాడు. ఆ వేలే చాపి అక్కని చూపించాడు. "చదువు ముట్టకపోతే ఏమవుతారో చూడు. ఆ చేతులు చూశావా? బాగా దగ్గరికెళ్ళి చూడు."

ఆ పిల్ల చూడలేదు. అక్కే చూసుకుంది తన చేతుల్ని. పదకొండేళ్ళుగా ఈ మనిషి కోటు మెడ మీద జిడ్డు ఈ చేతుల్తోనే రుద్దింది. ఆ పనే ఇవాళ ఒకళ్ళకి శిక్ష. తన్ని తిట్టినా ఇంత రోత పుట్టేది కాదేమో, ఎవరికో వేసే శిక్షగా తన బతుకు పనికొచ్చింది.

"ఏం అడిగారండీ ఆ పిల్లని?"

"నీకెందుకమ్మా? నీళ్ళు అనే మాట. ఆక్వా. పసిపిల్లలకి కూడా వస్తుంది."

అక్క ఇస్త్రీపెట్టె ఆపలేదు. బల్ల మీదున్న కోటు వీపు మీద ఇటూ అటూ నడుపుతూ, అదే ఊపులో అంది: "ఆక్వీస్, ఆక్వాస్, ఆక్వీస్, ఆక్వారుమ్, ఆక్వే. ఆక్వా, ఆక్వామ్, ఆక్వే, ఆక్వే, ఆక్వా."

నలభై ఏడు గబుక్కున తలెత్తింది. మాస్టారు నవ్వుతాడనుకుంది అక్క. నవ్వలేదు. హాజరు పుస్తకం మూసేశాడు. "ఇంకోసారి చెప్పు" అన్నాడు. చెప్పింది. ఆయన చూపు బల్ల మీది కోటు ఎడమ కఫ్ మీదికి పోయి, కాసేపు అక్కడే ఉండి, వెనక్కి వచ్చింది.

"ఎక్కడ నేర్చుకున్నావ్?"

"వినీ వినీ వచ్చిందండీ." పనిలో పనిగా అప్లికేషన్ తీసి చాపింది. "ఒక్క సంతకం పెడితే..."

ఆయన దాన్ని తడిగుడ్డ అందుకున్నట్టు రెండువేళ్ళతో అందుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు పదింటికి తరగతికి రా. ఇలాగే రా, ఈ ఏప్రన్‌తోనే."

మర్నాడు అరవై మంది ముందు నిలబెట్టాడు. ఆమె మొదలుపెట్టగానే వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. రెండో మాటకి ఆ నవ్వు ఆగిపోయింది. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తర్వాత ఆమెకేసి చూసిన చూపుల్లో నవ్వు లేదు, ఆమెకి అర్థం కాని కసి ఉంది.

"చేతులెత్తి చూపించమ్మా" అన్నాడు మాస్టారు. ఎత్తింది. "ఇదీ మీ బతుకు! చాకిరేవు మనిషికి వచ్చింది మీకు రాలేదు. అన్నం తింటున్నారా, గడ్డి తింటున్నారా?"

పొగడ్తో తిట్టో తెలియని మాట అది. పొగడ్తయితే తనకి, తిట్టయితే వాళ్ళకి అనుకోవాలి. కానీ రెండూ తన మొహం మీదే పడ్డాయి. చేతులు ఎంతసేపు ఎత్తి ఉంచాలో ఆయన చెప్పలేదు. దించమని కూడా అనలేదు. పిల్లలు ఆ గోళ్ళని చూసి మొహాలు చిట్లించుకున్నారు. జేబుల నిండా వాళ్ళ మురికి పెట్టుకుని!

మధ్యాహ్నం నలభై ఏడు మళ్ళీ మేజోళ్ళ తొట్టి దగ్గరికి వచ్చింది. శిక్ష మూడు రోజులట. కాసేపు నీళ్ళు కెలికి, ఉండబట్టలేక అడిగింది.

"అక్కా, మా నాలుకలన్నీ మీ దగ్గరున్నాయా?"

"ఉంటే?"

"మీరు తలకిందులుగా చెబుతున్నారు. అలా ఎవరూ చెప్పరు. నాలుకల మీద మాత్రమే అలా ఉంటుంది."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"మొదటి వరస ఎవరికైనా నోటికొస్తుంది కదక్కా. మర్చిపోయేది చివరివి. అందుకని చివరివి పైన రాస్తాం. లాగగానే ముందు అవే కనబడతాయి. మా సీనియర్లు అలా నేర్పారు, వాళ్ళకి వాళ్ళ సీనియర్లు. మీరు ఇంతకాలం అదే అసలు వరస అనుకున్నారు. ఇవాళ క్లాసులో అందరికీ తెలిసిపోయింది మీకు ఎలా వచ్చిందో. మమ్మల్ని పట్టిచ్చేశారని అనుకుంటున్నారు."

అక్కకి ఒళ్ళు మండింది. ఎవరి మీదో తెలియలేదు. పదకొండేళ్ళు దొంగ కాగితాలు చదివి, అదే చదువనుకుని, గొప్పగా ఏప్రన్ దులుపుకుని నిలబడింది. ఎంగిలి విస్తట్లో తిని విందు అన్నట్టుంది.

"మరి సరిగ్గా ఎలాగో చెప్పు" అంది.

"నాకే సరిగ్గా రాదక్కా."

"నీకు రానిది నాకొచ్చు. నాకు రానిది నీకొచ్చు. ఆ మేజోళ్ళు ఇలా ఇవ్వు."

నలభై ఏడుకి వరస తెలుసు, రూపాలు తెలియవు. అక్కకి రూపాలన్నీ తెలుసు, వరస తెలియదు. ఒకళ్ళు ఉతుకుతుంటే ఒకళ్ళు చెప్పారు. ఏ రూపం ఎందుకో కూడా అక్క ఎన్నడూ ఎరగదు. నలభై ఏడు అంది: "చిన్నప్పుడు డు-ము-వు-లు అని విభక్తులు బట్టీ పట్టాం కదా. అదేనక్కా ఇదీ. నీళ్ళు, నీళ్ళ యొక్క, నీళ్ళకి, నీళ్ళని, నీళ్ళతో. మనం మాటకి తోక తగిలిస్తాం. వీళ్ళూ తోకే తగిలిస్తారు."

"ఓసి, ఇంతేనా!" అంది అక్క. మాస్టారు ఏడాదంతా ఏదో బ్రహ్మవిద్యలా దాచినది మేజోళ్ళ తొట్టి పక్కన అరగంటలో తెలిసిపోయింది.

తర్వాత క్రియ. లావో అంటే ఉతుకుతాను. "ఒక్క మాటే. నేను అని వేరే చెప్పక్కర్లేదు. మనం ఉతుకుతాను అంటే చాలు చూడండి, అలాగే. లావాస్, ఉతుకుతావు. లావాత్, ఉతుకుతాడు."

"ఉతుకుతుంది అంటే?"

"అదీ లావాతే. ఆడా మగా తేడా లేదు."

"తేడా లేదన్నది ఎవడో కానీ, ఉతికినవాడు కాదు" అంది అక్క. నలభై ఏడు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

బుధవారం మాస్టారు గదికి పిలిపించాడు. అక్కని నిలబెట్టే మాట్లాడాడు. "శుక్రవారం కాలేజీ కమిటీవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. నువ్వు వాళ్ళ ముందు చెప్పాలి. సోమవారం ఎలా చెప్పావో సరిగ్గా అలాగే. ఒక్క అక్షరం మార్చొద్దు."

"తప్పుగా చెప్పానటండీ..."

"అలాగే చెప్పమన్నానా?" వేలు తడిచేసుకుని ఏదో కాగితం తిప్పాడు. "అలా ఎందుకు చెబుతున్నావో కమిటీకి నేను చెబుతాను. నీ దగ్గరున్న ఆ నాలుకలన్నీ నంబర్లతో సహా ఆ రోజు తీసుకురా. ఈ కాలేజీలో ఎంతమంది దొంగలున్నారో వాళ్ళూ చూస్తారు. అది కాగానే నీ సంతకం. కాగితం నా దగ్గరే ఉందిగా."

"ఎంతమంది పోతారండీ?"

"కుళ్ళిన పళ్ళు ఎన్నుంటే అన్ని ఏరేస్తాం. నీకేం బాధ? నీకు కుర్చీ వస్తుంది."

వరండాలోకి వచ్చి నాలుగడుగులు వేశాక ఆగిపోయింది అక్క. నాలుకలు. పట్టీలు అనలేదు, చీటీలు అనలేదు. ఆ పేరు ఆయనకి ఎవరు చెప్పారు? తను సోమవారం తలకిందులుగా అనగానే కఫ్ కేసి ఎందుకు చూశాడు? ఆ అనుమానాన్ని ఆమె ఏప్రన్ జేబులో చీటీలా మడిచి పెట్టుకుంది.

గురువారం సాయంత్రం అన్నాల దగ్గర మొగుడికి చెప్పింది. అతను నేలపలకలు పరిచే పనివాడు. వేళ్ళ సందుల్లో సిమెంటు ఎంత కడిగినా పోదు. మోకాళ్ళు వంగవు గనక కాళ్ళు చాపుకునే తింటాడు.

"ఇచ్చెయ్. వాళ్ళు నీకు చుట్టాలా పక్కాలా? కాపీ కొట్టింది వాళ్ళు. నువ్వెందుకు మొయ్యాలి?"

"ఇరవై ఆరు మంది."

"నీ ఊపిరితిత్తులు రెండే. అవి లెక్కపెట్టుకో ముందు."

తప్పు మాట కాదు. అందుకే మింగుడు పడలేదు. అత్తగారు కంచంలో అన్నం కలుపుతూ, ఎవరినీ చూడకుండా అంది: "రెండు రోజుల్నించీ గిన్నెలు తోముతూ ఏవో చదువుతోంది ఇది. మంత్రాలేమో అని నేను నోరు మూసుకున్నాను. ఎవరు నేర్పారే?"

"ఒక పిల్ల, అత్తయ్యా. నలభై ఏడో నంబరు."

"ఆ పిల్లదీ ఉందా డబ్బాలో?"

"ఉంది."

అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుంది. మొగుడు మజ్జిగ పోసుకుని, "నీ ఇష్టం. నాకు తెలిసింది పలకలు పరచడం" అన్నాడు.

శుక్రవారం పొద్దున డబ్బా పట్టుకునే వెళ్ళింది. ఏం చేస్తుందో అప్పటికీ ఆమెకి తెలియదు. తీసుకెళ్ళకపోతే కుర్చీ పోతుంది, తీసుకెళితే పిల్లలు పోతారు. మధ్యలో దారి ఏదైనా దారిలోనే కనబడాలి.

హాలులో ముందు వరసలో కమిటీవాళ్ళు ఐదుగురు. నడుమ ఒక పెద్దావిడ, చెవికి మిషను పెట్టుకుంది. వెనక అరవై తెల్లకోట్లు, అన్నీ అక్క ఇస్త్రీ చేసినవే. మాస్టారు కోటు మూడో నంబరు. నిన్న ప్రత్యేకంగా పంపి గంజి రెట్టింపు పెట్టించుకున్నాడు. ఆ కోటులో ఆయన నిలువెత్తు తెల్లగా ఉన్నాడు. ఆ తెలుపు ఎలా వచ్చిందో తెలిసినది హాలులో ఒక్కతే.

"ఈమె మా ఇస్త్రీ మనిషి" అన్నాడు మాస్టారు. "వినండి ఎలా చెబుతుందో. వరస జాగ్రత్తగా గమనించండి. ఆ తర్వాత ఒక విషయం మనవి చేసుకుంటాను. చెప్పమ్మా, ఆక్వా."

అక్క డబ్బాని రెండు చేతులా పట్టుకుంది. ఆ పదకొండేళ్ళ వరస నోటి చివరే ఉంది. మూడు రోజుల వరస ఇంకా గొంతులోనే ఉంది. మూడో బెంచీలో నలభై ఏడు తల వంచుకుని కూర్చుంది.

"ఆక్వా, ఆక్వే, ఆక్వే, ఆక్వామ్, ఆక్వా" అంది అక్క. "ఆక్వే, ఆక్వారుమ్, ఆక్వీస్, ఆక్వాస్, ఆక్వీస్."

కమిటీవాళ్ళు చప్పట్లు కొట్టారు. మాస్టారు కొట్టలేదు. ఆయన సిద్ధం చేసుకొచ్చిన ఉపన్యాసం కాళ్ళ కింది నుంచి జారిపోయింది. "అలా కాదు... మొన్న చెప్పినట్టు..." అన్నాడు.

"సరిగ్గానే చెప్పింది కదండీ?" అంది పెద్దావిడ. "నేనూ ఈ బెంచీల మీద చదివినదాన్నే. సగం మర్చిపోయాను. మాస్టారూ, మీ నోట కూడా ఒకటి వినిపించండి. ఆవిడ ఉంది గనక ఉతకడమే చెప్పండి."

"తప్పకుండా" అన్నాడు మాస్టారు. గొంతు సవరించుకున్నాడు. చేతులు కట్టుకున్నాడు. "లావో, లావాస్..." ఆగాడు. చూపు అక్క చేతిలో డబ్బా మీదికి పోయింది. పెద్దావిడ చెవి మిషను సర్దుకుని ముందుకి వంగింది. "లావాస్..." అన్నాడు మళ్ళీ. నుదుటి మీద చెమట పట్టింది.

అప్పుడు చూసింది అక్క. కట్టుకున్న చేతుల్లో, ఆయన కుడి బొటనవేలు ఎడమ కఫ్ మీదికి వచ్చి, అంచు కింద తడుముతోంది. తను నిన్న గంజి పెట్టి నొక్కిన కఫ్. అందులో ఏమీ లేదు. ఉన్నట్టే గీరుతోంది ఆ వేలు.

"లావాంత్" అన్నాడు మాస్టారు ఒక్కసారిగా. ఆ తర్వాత తడబాటే లేదు. "లావాతిస్, లావాముస్, లావాత్, లావాస్, లావో."

నేర్చుకున్నది ఏదైనా మర్చిపోవచ్చు, భయపడుతూ నేర్చుకున్నది మాత్రం పోదు.

కమిటీవాళ్ళు మళ్ళీ చప్పట్లు కొట్టారు. వాళ్ళకి ఏ వరసైనా ఒకటే. వెనక బెంచీల్లోవాళ్ళకి కాదు. చేతులు కట్టుకుని కూర్చున్న అరవై మందీ, ఎవరూ చెప్పకుండానే, ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చేతులు విప్పి ఒళ్ళో పెట్టుకున్నారు.

వరండాలో మాస్టారు ఆమెని పట్టుకున్నాడు. ఒక చేతిలో అప్లికేషన్, ఇంకో చెయ్యి డబ్బా కోసం చాపి. "ఎందుకు మార్చావ్? చెప్పానా లేదా అలాగే చెప్పమని? సరే, అది ఇలా ఇవ్వు. ఇవ్వు!"

అక్క ఆయన కఫ్ కేసి చూసింది. బొటనవేలు గీరిన చోట గంజి పొరలుగా లేచిపోయింది.

"మీ కోటు నంబరెంతండీ, మీరు చదువుకునే రోజుల్లో?"

"నూట పద్దెనిమిది" అన్నాడు మాస్టారు.

అడిగిన వెంటనే అనేశాడు, హాజరు పలికినట్టు. చాపిన చెయ్యి మెల్లగా కిందికి దిగింది.

"ఆ నంబరుది ఇప్పుడూ ఒకటుందండీ ఇందులో" అంది అక్క డబ్బా మీద తట్టి. "ఎవరో కుర్రాడిది. వెనక వరసలో కూర్చుంటాడు. వాణ్ణి కూడా ఏరేస్తారా?"

కాపీ కొట్టాడని కాదు ఆమెకి రోత. ఎవరు కొట్టలేదు? తనకి వచ్చిందే ఆ కాగితాల నుంచి. కానీ అదే కఫ్‌లోంచి పైకొచ్చి, అదే కఫ్‌లు పిండి పిల్లల్ని గేటు దాటించాడు. తన మొదటి పట్టీ వల్ల పోయిన ఆ పిల్ల రేకుపెట్టె గుర్తొచ్చింది. ఈ మనిషి ఆ రోజు ఎలా అన్నం తిన్నాడో! ఒక అడుగు వెనక్కి వేసింది.

మాస్టారు అటూ ఇటూ చూశాడు. గొంతు తగ్గించాడు. "చూడండమ్మా... డబ్బా మీ దగ్గరే ఉంచుకోండి. సంతకం ఇప్పుడే పెట్టేస్తాను. ఇదంతా మన మధ్యే ఉండనీండి."

నువ్వు కాస్తా మీరు అయింది. అంతటితో ఆగినా బాగుండేది. మన మధ్య! ఆ 'మన' లోకి తన్ని కూడా లాక్కున్నాడు. పదకొండేళ్ళ జేబుల్లో ఏ గుడ్డ ముట్టుకున్నప్పుడూ ఇంత అసహ్యం వెయ్యలేదు ఆమెకి. ఆయన గోడకి కాగితం ఆనించి కలం మూత తీస్తుండగా, అక్క చెయ్యి చాపి అప్లికేషన్ లాగేసుకుంది.

"అక్కర్లేదండీ. ఇందులో నేర్పినవాళ్ళ సంతకం అని ఉంది. నాకు నేర్పింది మీరు కాదు."

ఆయన కలానికి మళ్ళీ మూత పెట్టుకున్నాడు.

నలభై ఏడు సంతకం పెట్టడానికి జంకింది. "నేను స్టూడెంట్‌ని కదక్కా, చెల్లుతుందా?" చెల్లకపోతే చెల్లదు అంది అక్క. ఆ పిల్ల చేతులు కోటుకే తుడుచుకుని, పేరు రాసి, కింద కోటు నంబరు కూడా వేసింది.

నాలుగింటికి పది నిమిషాలు తక్కువగా గుమాస్తా కిటికీ దగ్గర ఉంది అక్క. అతను సంతకం చూశాడు. కళ్ళజోడు పైకి జరిపి గడి మీది అక్షరాలు చదివాడు, వెనక్కి తిప్పి రూల్స్ చదివాడు, మళ్ళీ ముందుకి తిప్పాడు.

"మాస్టారు కదా పెట్టాలి?"

"అలా రాసుందాండీ?"

"రాసి... లేదు." బుర్ర గోక్కున్నాడు. "ఎక్కడా లేదు. విచిత్రంగా ఉందే. పైవాళ్ళు ఏమంటారో నాకు తెలియదమ్మా. నా పని ముద్ర వెయ్యడం." ముద్ర వేశాడు. పరీక్ష పై నెల మొదటివారం అని చీటీ చింపి ఇచ్చాడు.

శనివారం కోట్లు తిరిగి పంపే రోజు. అక్క డబ్బా బోర్లించి, ఇరవై ఆరు పట్టీలూ నంబర్ల వారీగా పేర్చి, ఇస్త్రీపెట్టె కింద ఒకసారి సాపు చేసి, ఎవరిది వాళ్ళ కోటు జేబులో పెట్టింది. ఎవరి చెత్త వాళ్ళకే. చదువుకుంటారో, మళ్ళీ కఫ్‌లో దోపుకుంటారో వాళ్ళ ఖర్మ. పిల్లల మీద ఆమెకి ప్రేమ పుట్టుకురాలేదు. ముప్ఫై రెండోవాడి గోళ్ళు ఈ వారం కూడా ఉన్నాయి.

అన్నిటికన్నా ఆఖరున మూడో నంబరు కోటు. నిన్న సాయంత్రమే బంట్రోతు చేత పంపించాడు, మొహం చూపించలేదు. ఎడమ కఫ్ చెమటకి నల్లబడి, వేలు గీరిన చోట పోగులు లేచాయి. రెండువేళ్ళతో ఎత్తి తొట్టిలో వేసింది. సబ్బు రుద్దింది, పిండింది, ఎండలో ఆరేసింది, గంజి పెట్టింది, ఇస్త్రీ చేసింది. ఏ కోటుకి చేసేదో అదే, ఎక్కువా తక్కువా కాదు. మనిషి మీద రోత అలాగే ఉంది. అది పోవాలని ఆమెకీ లేదు.

తర్వాత కత్తెర మొనతో ఎడమ కఫ్ కుట్టు రెండు వేళ్ళ మేర విప్పింది. ఖాళీ కాగితం ఒక పట్టీ కోసి, గుండ్రటి అక్షరాలతో, కూడబలుక్కుంటూ రాసింది. లావో, లావాస్, లావాత్, లావాముస్, లావాతిస్, లావాంత్. సరైన వరసలో, పై నుంచి కిందికి. వెనక రబ్బరు దారం కట్టి లోపలికి చుట్టి, కొస కాస్త బయటికి వదిలింది. ఎర్రదారం నంబరు పైకి కనబడేలా కోటు మడిచి, దొంతర మీద అన్నిటికన్నా పైన పెట్టింది.